సమస్యాపూరణం: ‘కన్ను పోవఁగానె కలిగెఁ జూపు’

నిర్వాహకుడు: చెన్నై మిత్రులకు ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. ఏ దేశపు దేవత కథైనా తీసుకోండి. పద్యం కోసం కథను మార్చవద్దు.

వేళచ్చేరి సభ్యుడు:

మిమిరు బావినీటి మేధకై యోడిను
కన్ను నొకటి పెఱికి కానుకిచ్చె
గుక్కెడొకటి దిగఁగ గూఢమ్ము తెలిసెను
కన్ను పోవఁగానె కలిగెఁ జూపు

నిర్వాహకుడు: కథ బాగా ఎంచుకున్నారండీ. విశ్వవృక్షం యగ్‌డ్రసిల్ వేరు కింద మిమిర్ బావి, అందులో జ్ఞానజలం. ఉత్తర ఐరోపావారి నార్స్ దేవతల పెద్ద ఓడిన్ అడిగినా మిమిర్ ఊరికే పోయలేదు. అయితే ‘కానుక’ నాకు నచ్చలేదు. 13వ శతాబ్దపు ఐస్లాండ్ గ్రంథాల్లో ఆ కన్ను తాకట్టు. అది బావిలోనే ఉండిపోయింది. మిమిర్ రోజూ పొద్దున్నే ఓడిన్ తాకట్టులోంచి తేనెతో చేసిన మద్యం తాగుతాడట! కానుక అనేస్తే ఆ బేరమూ పోతుంది, ఆ నష్టమూ పోతుంది. ‘కోరి కుదువఁ బెట్టెఁ గూర్మి కన్ను’ అంటే ఎలా ఉంటుంది? కో-గూ యతి సరిపోయింది.

వేళచ్చేరి సభ్యుడు: మార్చుకుంటానండీ. ‘కూర్మి కన్ను’ చాలా బాగుంది.

అడయారు సభ్యురాలు:

నీటిలోన నున్న యీటె వేల్పును నాడు
చూచె టైరిసియసు, చూపు తొలగె
పక్షి పలుకు లెఱిఁగి భావిని వచియించెఁ
గన్ను పోవఁగానె కలిగెఁ జూపు

నిర్వాహకుడు: అమ్మా, ‘ఈటె వేల్పు’ అనగానే గ్రీకు యుద్ధదేవత అథీనా కళ్లముందు నిలబడింది. నీటి-యీటె ప్రాసయతి హాయిగా ఉంది. ‘నాడు’ మాత్రం గణం కోసం వచ్చినట్టుంది. ఇంకొకటి, గ్రీకు కథలో గుడ్డి జోస్యుడు టైరిసియస్ తల్లి కారిక్లో ఏడ్చి నిలదీశాకే అథీనా అతనికి పక్షుల పలుకులు తెలిసే వరమిచ్చింది. ఆ తల్లికి పద్యంలో చోటు దొరకలేదు.

అడయారు సభ్యురాలు: ఆవిడ కోసం పక్షులను వదులుకోలేనండీ. అవి లేకపోతే అతను టైరిసియస్ అని ఎవరికి తెలుస్తుంది?

నిర్వాహకుడు: నిజమే, ఉంచేయండి.

తాంబరం సభ్యుడు: మన మైలాపూరు వెళ్ళీశ్వరర్ గుడి కథ పనికొస్తుందా? బలి దానమిచ్చేటప్పుడు కన్ను పోగొట్టుకున్న శుక్రుడికి అక్కడే చూపు వచ్చిందంటారు.

నిర్వాహకుడు: అక్కడ పూజలు చేశాక కదండీ వచ్చింది! ‘పోవఁగానె’ అన్నాక అంత ఆలస్యం కుదరదు.

పెరంబూరు సభ్యురాలు: అయితే కాళహస్తికి వెళ్దాం.

శివుని కంటి వెంటఁ జిందఁగా నెత్తురు
తిన్నఁడమ్ముతోడఁ దీసెఁ గన్ను
ఆగె రక్తధార హరునకు, నిది వింత
కన్ను పోవఁగానె కలిగెఁ జూపు

నిర్వాహకుడు: శభాష్ అమ్మా! కన్ను ఒకరిది, చూపు ఇంకొకరిది. నాకు ఈ దారి తట్టనే లేదు. ఆలస్యం చిక్కూ లేదు, తిన్నడు కన్ను అతికించగానే నెత్తురు ఆగింది. రెండో కన్ను తీసేముందు గుర్తు కోసం శివుడి కంటి మీద కాలు ఆనించిన ఘట్టం కూడా మీరే రాయండి, ఈసారి కందంలో.