బట్టీ పిల్లలు ఊరి బడికి రావాలా, బట్టీ దగ్గరే బడి పెట్టాలా?

బడిగంట:
పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల సీజన్ మొదలైంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో దిగాయి. మే, జూన్ దాకా ఇక్కడే ఉంటారు. ఈసారి కూడా బట్టీ పక్కన షెడ్డు వేసి, ఒడియా వాలంటీరును పెట్టి వర్క్‌సైట్ బడి నడపాలంటున్నారు. నేను ఒప్పుకోను. విద్యాహక్కు చట్టం 2009, 4వ సెక్షన్ ప్రకారం బడి ముఖం చూడని పిల్లనైనా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ లేదని, నడి సంవత్సరంలో వచ్చారని తిప్పి పంపకూడదు. మన పిల్లలకు బడి, వాళ్లకు షెడ్డా?

లత_టీచర్:
చట్టం మాకూ తెలుసండీ. అదే చట్టం 29వ సెక్షన్‌లో వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని కూడా ఉంది, అది వదిలేశారు. పోయిన డిసెంబర్‌లో పదేళ్ల పాపను తెచ్చి నా ఐదో తరగతిలో కూర్చోబెట్టారు. పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటుంది. ఇంట్లో ఒడియా, పక్క పిల్లలది తెలుగు, 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం. ఆ పాప ఏ ఒడ్డున కాలు పెట్టాలి? ప్రత్యేక శిక్షణ ఇవ్వాల్సింది కూడా నేనే, నాలుగు, ఐదు తరగతులు రెండూ చూసుకుంటూ. షెడ్డులో ఒడియా పుస్తకమైనా ఉంటుంది. జూన్‌లో ఊరికి పోతే అక్కడి బడిలో పనికొస్తుంది.

మానేరుగట్టు:
బట్టీకీ బడికీ నాలుగు కిలోమీటర్లు. ఆటో కిరాయి ఎవరిస్తారు?

బడిగంట:
మేడం, వయసు పైబడిన పిల్లలను క్యాంపుల్లో ఉంచి, బ్రిడ్జి కోర్సు చెప్పి, వాళ్ల ఈడు తరగతుల్లోకి పంపింది మన రంగారెడ్డి జిల్లాలోనే. ఆ క్యాంపులు నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది అలాంటి పనికే. చేయాలనుకుంటే అవుతుంది.

లత_టీచర్:
ఆ పిల్లలు రాత్రింబవళ్లు క్యాంపులోనే ఉన్నారు. చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నా దగ్గర ఏముంది, డస్టర్?

మానేరుగట్టు:
ఆటో సంగతి ఎవరూ చెప్పట్లేదు.

కొత్తబట్టీ:
మా బావ బట్టీ నడుపుతాడు కాబట్టి చెప్తున్నా. ఓనర్లంటే దొంగలన్నట్టు మాట్లాడకండి. షెడ్డు మేమే ఇచ్చాం, ఫ్యాన్ పెట్టించాం. రెండేళ్ల కింద అడ్వాన్సు తీసుకుని రాత్రికి రాత్రి మూడు కుటుంబాలు వెళ్లిపోయాయి, ఆ డబ్బు ఎవరిచ్చారు మాకు? షెడ్డు బడే నయం. పిల్లలు తల్లి కళ్ల ముందు ఉంటారు.

బడిగంట:
కళ్ల ముందు ఏం చేస్తుంటారో కూడా చెప్పన్నా. మధ్యాహ్నం అయ్యేసరికి షెడ్డు సగం ఖాళీ. పచ్చి ఇటుకల వరుసల్లో పెద్దవాళ్లు కాలు పెడితే నలిగిపోతాయి. పిల్లలైతే తేలిక, ఇటుకల మీదే నడుచుకుంటూ ఒక్కొక్కటీ తిప్పి ఎండకు పెడతారు. మీ ఫ్యాన్ కింద ఎవరున్నారు?

పాలమూరు_పిలగాడు:
ఒడిశాలో సీజనల్ హాస్టళ్లున్నాయి, పిల్లలను అక్కడే ఉంచి రావాలని కొందరు అంటారు. మా అమ్మానాన్న కాలువ పనులకు మహారాష్ట్ర పోతే నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. డిగ్రీ అయింది. మా అమ్మతో పది నిమిషాలు కూర్చుంటే మాట్లాడుకోవడానికి ఏమీ దొరకదు. ఆ సలహా మాత్రం ఇవ్వకండి.

లత_టీచర్:
ఊరి బడిలో చేర్పిస్తే ఇటుకలు తిప్పడం ఆగుతుందా? తెల్లారకముందే లేచి తిప్పి వస్తారు, ప్రేయర్ కాగానే బెంచీ మీద తల వాల్చేస్తారు. ఆ పాపకు చదవడం రాలేదని తొలిమెట్టు లెక్కలో, అదే చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చాయా అని చూసే సర్కారు కార్యక్రమంలో, నా తరగతి వెనకబడింది. మీటింగ్‌లో నలుగురి ముందు నిలబెట్టి అడిగారు. నాకెంత టెన్షనో మీకేం తెలుసు?

బడిగంట:
అంటే మీ బాధ పాప గురించి కాదు, లెక్క గురించి.

లత_టీచర్:
మాట సరిగ్గా రానివ్వండి. ఆ పాపకు తల దువ్వి, నా టిఫిన్‌లో సగం పెట్టినదాన్ని. చట్టం చదివి వినిపించడం తేలిక. అసలు సంగతి ఎవరూ అనరేం? కూలి రోజుకు ఇంత అని కాదు, వెయ్యి ఇటుకలకు ఇంత. మొగుడూ పెళ్లాం రెండు జతల చేతులతో అడ్వాన్సు తీరదు. పిల్ల చేయి పడితేనే తీరుతుంది. కొత్తబట్టీ గారూ, రేటు పెంచమని మీ బావకు చెప్తారా?

కొత్తబట్టీ:
ఫ్లైయాష్ ఇటుక వచ్చాక మట్టి ఇటుక అడిగేవాడే తగ్గాడు. రేటు పెంచితే బట్టీ మూసుకోవడమే. చదువు గురించి చర్చ కదా, కూలి ఎందుకు తెచ్చారు?

బడిగంట:
మేడం చెప్పిన రేటు మాట నిజమే. కానీ అది తేలేదాకా పిల్లను షెడ్డులో ఉంచితే, ఓనర్ కంటికి ఆమె ఇంకో చేయి మాత్రమే. బడి రిజిస్టర్‌లో పేరుంటే, రెండు రోజులు రాకపోతే ఎక్కడుందని అడిగే మనిషి ఒకరుంటారు. నా పట్టుదల అంతా దానికే.

లత_టీచర్:
అడిగే మనిషిని నేనే కదా. సరే, ఒడియా వాలంటీరును షెడ్డుకు కాదు, మా బడికే ఇమ్మని ఈ నెల మీటింగ్‌లో అడుగుతాను. ఇవ్వకపోతే నా మాట షెడ్డే.

కొత్తబట్టీ:
వాలంటీరు బడికి పోతే ఇక్కడున్న పాలు తాగే పిల్లల సంగతి? ఇప్పుడు వాళ్లంతా ఆ షెడ్డులోనే పడుకుంటున్నారు. మీ పదేళ్ల పాప బడికి పోతే ఆమె చంకలోని తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకుంటారు, అది కూడా మీటింగ్‌లో అడగండి మేడం.