'ఎజైల్' అంటే చురుకా, లాఘవమా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక్క మాట గురించి మీ అభిప్రాయం కావాలి. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు ఎజైల్ పద్ధతుల గురించి, అంటే సాఫ్ట్‌వేర్‌ను కొంచెం కొంచెంగా కడుతూ, అవసరం మారితే దారి మార్చుకునే పద్ధతుల గురించి, తెలుగులో చెప్పమన్నారు. వాళ్ళలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. 'ఎజైల్ అంటే చురుకైన పద్ధతి' అని మొదలుపెట్టాను. ఒకమ్మాయి లేచి, "అంటే ఇంకా తొందరగా పని చెయ్యాలా సార్?" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నేను ఎంచుకున్న మాటది. 'చురుకు' అనగానే మన చెవికి వేగమే వినిపిస్తుంది. చురుగ్గా నడువు, చురుకైన పిల్లాడు అంటాం కదా.

ఆ పేరు పెట్టినవాళ్ళ ఉద్దేశం మాత్రం వేగం ఒక్కటే కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి ఒక ప్రకటన రాశారు. అందులో విలువలు 4, వాటి వెనక సూత్రాలు 12. నాలుగో విలువ నాకు అన్నిటికన్నా ముఖ్యం: వేసుకున్న ప్లానును అంటిపెట్టుకుని ఉండడం కంటే, పరిస్థితి మారినప్పుడు దానికి తగ్గట్టు మళ్ళడం మేలు. అంతకుముందు ఈ పద్ధతులను 'తేలికపాటి పద్ధతులు' అని పిలిచేవారు. తేలిక అంటే చులకనగా వినిపిస్తుందని వాళ్ళలో కొందరికి నచ్చక కొత్త పేరు వెతికారు. మన 'తేలిక'కూ అదే చిక్కు ఉంది. 'తేలిగ్గా తీసుకున్నాడు' అంటే పట్టించుకోలేదనే కదా అర్థం!

అందుకే నేను 'లాఘవం' అంటున్నాను. లఘువు నుంచి వచ్చిన మాట, కాబట్టి తేలికదనం అందులోనే ఉంది. హస్తలాఘవం అంటాం కాబట్టి నేర్పు, ఒడుపు కూడా ఉన్నాయి. బరువు లేనిది ఎటు కావాలంటే అటు తిరగగలదు. ఆ తిరగగలగడమే ఎజైల్.

ఈ మాట పట్టుకున్నాక నాకు ఇంకో మేలు జరిగింది. ఎజైల్‌లో ఏ పద్ధతి ఎంతమందికి సరిపోతుందని ఎవరైనా అడిగితే, ఇప్పుడు 'ఇది ఎంత బరువు, ఆ బరువు ఈ జట్టుకు అవసరమా' అని చూస్తున్నాను. బరువంటే నియమాలు, పదవులు, మీటింగులు.

మనుషులు పెరిగితే బరువు ఎందుకు పెరుగుతుందో చిన్న లెక్కలో తెలుస్తుంది. 5 మంది ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాట నడవాల్సిన దారులు 10. 10 మందికి 45. 20 మందికి 190. మనుషులు రెట్టింపు అయితే దారులు నాలుగింతలు దాటుతున్నాయి. ఒకసారి 40 మందిని ఒకే స్టాండప్‌లో, అంటే రోజూ నిలబడి ఎవరి పని సంగతి వాళ్ళు చెప్పే చిన్న మీటింగులో, నిలబెట్టిన చోట పని చేశాను. మనిషికి ఒక్క నిమిషం ఇచ్చినా 40 నిమిషాలు. 15 నిమిషాల్లో ముగియాల్సిన మీటింగ్ అది. చివర్లో మాట్లాడేవాళ్ళ గొడవ ఎవరి చెవికీ ఎక్కేది కాదు. ఆ రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఐదారుగురు ఉండి, పని ఎప్పుడు ఎటునుంచి వచ్చిపడుతుందో తెలియని సపోర్ట్ జట్టు అనుకోండి. దానికి కాన్బన్ చాలు. జపాన్ భాషలో కాన్బన్ అంటే దుకాణం ముందు పెట్టే బోర్డు లాంటిది. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో తాయిచి ఓనో తెచ్చిన పద్ధతి. తర్వాతి చోట అవసరం పడిందని చీటీ చెబితేనే ముందు చోట కొత్త భాగం చేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో దాని ప్రాణమంతా ఒక్క నియమంలో ఉంది: చేతిలో ఉన్న పనుల సంఖ్యకు హద్దు పెట్టుకోవాలి. ఒకటి పూర్తయితేనే ఇంకోటి ఎత్తుకోవాలి. కొత్త పదవులు లేవు, గడువు కట్టిన విడతలు లేవు. అలాంటి జట్టు మీద రెండు వారాల స్ప్రింట్లు, అంటే ఇన్ని రోజుల్లో ఇంత పని అని ముందే కట్టుకునే గడువులు, రుద్దితే ఏమవుతుందో నేను చూశాను. సోమవారం వేసిన ప్లాను బుధవారానికి కస్టమర్ల ఫిర్యాదుల కింద కనబడకుండా పోయేది. బోర్డు పెట్టి, మనిషికి రెండు పనులే అని హద్దు గీసుకున్నాక ఊపిరి తీసుకున్నాం. కాన్బన్ పెద్ద జట్లకు పనికిరాదని కాదు, చిన్న జట్టుకు అంతకంటే బరువు అక్కర్లేదంటున్నాను.

ఒక వస్తువును మొదటినుంచి కట్టే జట్టుకు, ఇలా స్ప్రింట్ తర్వాత స్ప్రింట్‌గా పని సాగించే స్క్రమ్ పద్ధతి సరిపోతుంది. దాని నియమావళి 2020 ప్రతిలో జట్టు మామూలుగా 10 మంది లేదా అంతకంటే తక్కువ అని ఉంది. స్ప్రింట్ నెలకు మించకూడదు. ఇక్కడే మన భాషకు పని ఎక్కువ.

'స్ప్రింట్' అంటే పరుగు పందెం, మళ్ళీ వేగమే. నిజానికి అది ఒక 'విడత'. రోడ్డు పనుల విడత, ఎన్నికల విడత అని పేపర్లో రోజూ చదివే మాటే. 'బ్యాక్‌లాగ్' ఇంకా ఇబ్బంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు. ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్ అనగానే పిల్లల ముఖాల్లో అపరాధ భావం కనిపిస్తుంది, ఏదో తప్పినట్టు. అది ముందు ఏది, తర్వాత ఏది అని వరస పెట్టిన చేయాల్సిన పనుల జాబితా, అంతే. దానికి 'చిట్టా' అని, అందులో ఒక్కో పనికి 'పద్దు' అని నా ప్రతిపాదన. చిట్టా ఆవర్జాలు రాసిన జాతి మనది, ఆ మాటలను వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది. విడత చివర జరిపే రెట్రోస్పెక్టివ్‌కు 'సింహావలోకనం' ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. సింహం నడుస్తూ వెనక్కి తిరిగి చూసినట్టు చూడడం. ఇంతకన్నా మంచి మాట ఇంకే భాషలో ఉంటుంది?

పెద్ద పద్దును చిన్నవిగా విడగొట్టడం గురించి చెప్పేటప్పుడు ఛందస్సు సాయం తీసుకున్నాను. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుంది. 20 అక్షరాలు 21 అవుతాయి, మాత్రలు మాత్రం మారవు. పని అంతే ఉంది, నడక మారింది. పిల్లలకు వెంటనే అర్థమైంది.

జట్లు అనేకం అయితే అదనపు బరువు తప్పదు. లెస్ అనే పద్ధతి 2 నుంచి 8 జట్ల దాకా ఒకే చిట్టా, అందులో ఏది ముందో తేల్చే ఒకే యజమాని ఉండాలంటుంది. సేఫ్ అనేది 50 నుంచి 125 మందిని ఒక 'రైలు'గా కట్టి, 8 నుంచి 12 వారాలకు ఒకేసారి ప్లాను వేయిస్తుంది. పదవులు, మీటింగులు కూడా ఎక్కువ. 20 మంది ఉన్న చోట సేఫ్ తేవద్దని గట్టిగా చెబుతాను. రెండు మూడు స్క్రమ్ జట్లుగా విడిపోయి, జట్టుకొకరు రోజూ కలిసి మాట్లాడుకుంటే సరిపోతుంది.

*ఒక సభ్యురాలి వ్యాఖ్య:* బాగుంది అన్నా. కానీ లాఘవం పుస్తకాల మాట. ఆఫీసులో ఎవరూ అనరు. విడత, చిట్టా మాత్రం రేపటినుంచే వాడేస్తాను.

*నా జవాబు:* నిజమే అమ్మా, నోటితో అందరం ఎజైల్ అనే అంటాం, అననివ్వండి. 'అంటే ఏమిటి' అని అడిగినప్పుడు చెప్పే మొదటి మాట మాత్రం చురుకు కాకూడదని నా పట్టు. ఆ అమ్మాయికి మర్నాడు లాఘవం అని చెప్పి, హస్తలాఘవం గుర్తు చేశాను. "అయితే ప్లాను మారితే తిట్టరన్నమాట" అంది. నాకు కావాల్సింది అదే.

*ఇంకో సభ్యుడి వ్యాఖ్య:* స్క్రమ్‌కు ఏం పెట్టారు సార్? నిఘంటువులో 'తోపులాట' అని ఉంది.

*నా జవాబు:* అది కుదరదండి. స్క్రమ్ అన్న పేరు రగ్బీ ఆట నుంచి వచ్చింది. అందులో వైపుకు 8 మంది భుజాలు కలిపి ఒక్కటిగా నెడతారు, ఆ 'ఒక్కటిగా' అన్నది తోపులాటలో పోతుంది. కబడ్డీలో చేతులు పట్టుకుని కట్టే గొలుసు దగ్గరగా ఉంది కానీ, గొలుసు అంటే కొత్తవాళ్ళకు బంధించినట్టు వినిపిస్తుందేమోనని భయం. దీనికి నా దగ్గర మాట లేదు. పొలం పనుల్లో గానీ, పడవ లాగేచోట గానీ, మీ ఊళ్ళో అందరూ ఒక్కటిగా పట్టుపట్టడాన్ని ఏమంటారో రాయండి.