షిండెన్ మోడల్ వెనక్కి పడిపోతోంది, ముక్కులో బరువు ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం. జపాన్ నౌకాదళం రెండో ప్రపంచ యుద్ధం చివర్లో పరీక్షించిన క్యూషూ జె7డబ్ల్యూ1 షిండెన్ విమానాన్ని 1/48 స్కేలులో కడుతున్నాను. తెలియనివారు చూస్తే ఇది వెనక్కి ఎగురుతుందేమో అనుకుంటారు. చిన్న రెక్కలు ముందు, పెద్ద రెక్కలు వెనక, ఇంజను, ఆరు రేకుల ప్రొపెల్లర్ తోక దగ్గర. 1945 ఆగస్టు 3న మొదటిసారి ఎగిరింది. ఆ తర్వాత కొద్ది రోజులకే యుద్ధం ముగిసింది.

రెండు సగాలనూ టేపుతో బిగించి చక్రాల మీద నిలబెడితే, ముందు చక్రం గాలిలోకి లేచి ప్రొపెల్లర్ బల్లకు కొట్టుకుంది. అసలు విమానానికీ నేల మీద పరుగెత్తించినప్పుడు ఇదే గతి పట్టింది. ఆ తర్వాత నిలువు రెక్కల అడుగున చిన్న చక్రాలు తగిలించారు. చరిత్రకు ఇంత విధేయత నాకు అక్కర్లేదు!

గాలానికి కట్టే సీసం గుండ్లు పది గ్రాములు ముక్కులో వేశాను, చాలలేదు. ముందు చక్రం గూడే సగం చోటు తినేసింది. మిగతా బరువు పైలట్ సీటు కింద పెడితే ఫలితం ఉంటుందా? అది వెనక చక్రాలకు మరీ దగ్గరవుతుందని నా అనుమానం. ఇంత బరువుకు సన్నటి ప్లాస్టిక్ కాళ్లు వంగిపోవు కదా?

ఇంకొకటి. సీసాన్ని తెల్ల జిగురుతో అంటిస్తే కొన్నేళ్లకు ఉబ్బి ప్లాస్టిక్‌ను చీల్చేస్తుందని ఒక మిత్రుడు భయపెట్టాడు. ఎపాక్సీ వాడినవారు ఎవరైనా ఉన్నారా? ఆదివారం రెండు సగాలూ అంటించేద్దామని ఉంది, ఆ తర్వాత లోపలికి వేలు కూడా దూరదు.