ఆరో తరగతి విద్యుత్ వలయం: పిల్లలే కనుక్కోవాలంటే 40 నిమిషాలు సరిపోతాయా?

మల్కాజిగిరి సైన్స్:
ఆరో తరగతి, 44 మంది, 40 నిమిషాల పీరియడ్. జాతీయ విద్యా ప్రణాళిక చట్రం 2005 నుంచి శిక్షణల్లో చెప్పేది ఒకటే: జ్ఞానాన్ని పిల్లలే నిర్మించుకోవాలి. సరే. బల్బు, సెల్, వైర్లు చేతికిచ్చి వదిలేస్తే సగం గ్రూపుల్లో బల్బే వెలగదు, చివరికి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేయాల్సిందే. ఆ చెప్పేదేదో ముందే చెప్పేస్తే పోదా?

చాక్‌పీస్:
వదిలేయమని ఎవరూ అనలేదండీ. సామాను ఇచ్చేముందు ఐదు నిమిషాలు ఆగండి. బల్బు ఎలా వెలుగుతుందో ఒక్కొక్కరూ నోట్సులో పెన్నుతో గీయాలి (పెన్సిలైతే పక్కవాణ్ణి చూసి చెరిపేస్తారు). చాలామంది సెల్ పైబొడిపె నుంచి బల్బు అడుక్కి ఒకే గీత గీస్తారు. కరెంటు నల్లా నీళ్లలా ఒకవైపు నుంచి వస్తే చాలనుకుంటారు. దిద్దకండి. ఆ బొమ్మ ప్రకారమే కలిపి చూడమనండి.

నలుగురికి ఒక సెల్, ఒక టార్చి బల్బు, జానెడు వైరు ఒక్కటే. రెండోది ఇవ్వొద్దు. హోల్డర్ అసలొద్దు, బల్బుకి రెండు చోట్ల కనెక్షన్ ఉండాలన్న సంగతిని దాచేసేదే అది. బల్బు అడుగు బొడిపెని సెల్ మీద ఆన్చి, సెల్ అడుగునీ బల్బు పక్కనున్న లోహపు తొడుగునీ వైరుతో కలపడం ఏదో ఒక గ్రూపుకి తడుతుంది. అప్పుడు "ఎక్కడెక్కడ తగిలింది?" అని అడగండి. 'వలయం' అన్న మాట ఆ తర్వాతే.

కోఠి కరెంటు:
పద్ధతి బాగున్నా సామాను దెబ్బకొడుతుంది. చౌక కదా అని ఎల్‌ఈడీలు తేవద్దు. ఎర్రదానికే సుమారు 1.8 వోల్టులు కావాలి, సెల్ ఇచ్చేది 1.5. పైగా తిరగేస్తే వెలగదు. పిల్లాడు సరిగ్గా కలిపి కూడా తప్పు చేశాననుకుంటాడు. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే గుజరాతీ గల్లీలో 2.5 వోల్టుల టార్చి బల్బులు అడగండి. ఒక సెల్‌తో మసగ్గానే వెలుగుతాయి, కిటికీ పక్క బెంచీలవాళ్లు అరచెయ్యి అడ్డం పెట్టి చూడాలి. మోటారు వైండింగ్ తీగైతే రెండు కొసలూ సెంటీమీటరు మేర ఉప్పు కాగితంతో గీకాలి, పైనున్న ఎనామిల్ పూత కరెంటుని పోనివ్వదు. సెల్ రెండు కొసల్నీ వైరుతో నేరుగా కలిపితే చెయ్యి చురుక్కుమంటుంది, ఆల్కలైన్ అయితే మరీను. మామూలు సెల్సే మేలు.

మల్కాజిగిరి సైన్స్:
ఒక్కటే వైరన్నది బాగుంది. మరి అర్థమైందో లేదో తెలిసేదెలా? నిర్వచనం అడిగితే అందరూ అప్పజెప్తారు.

చాక్‌పీస్:
రెండు బల్బులు వరసగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందని అడగండి. "మొదటిది, కరెంటు అక్కడే సగం అయిపోతుంది" అనేవాళ్లే ఎక్కువ. నిజానికి ఒకే రకం బల్బులైతే రెండూ సమానంగానే వెలుగుతాయి. దీనికి రెండు సెల్స్ కావాలి, ఒక్కదానితో ఏమీ కనపడదు. ఒక తిరకాసుంది: బల్బులు వేర్వేరు రకాలైతే ఒకటి నిజంగానే ఎక్కువ వెలిగి, వాళ్ల తప్పు ఆలోచనే గట్టిపడుతుంది. అప్పుడు బల్బుల చోట్లు మార్పించండి. వెలుగు కూడా బల్బుతోపాటే మారితే తేడా బల్బులో ఉన్నట్టు.