ఇంటర్నేషనల్ స్టడీస్ మేజర్‌కి తోడు మైనర్ ఏది: అరబిక్కా, ఎకనామిక్సా, డేటా సైన్సా?

ప్లేనో అమ్మ:
మా అమ్మాయి టెక్సస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టడీస్ రెండో ఏడాది చదువుతోంది. ఈ సెమిస్టర్ అయ్యేలోపు మైనర్ (మేజర్ అనే ప్రధాన సబ్జెక్టుకి తోడు చదివే చిన్న సబ్జెక్టు) ఏంటో తేల్చుకోవాలి. తనకి అరబిక్ మీద మనసు, పశ్చిమాసియా రాజకీయాలంటే అన్నం కూడా మర్చిపోతుంది. మా ఆయనేమో డేటా సైన్స్ తీసుకుంటేనే ఉద్యోగం, పైగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కాబట్టి వీసాకీ పనికొస్తుంది అంటున్నారు. మాకింకా గ్రీన్ కార్డ్ రాలేదు, తను హెచ్4 (డిపెండెంట్ వీసా) మీదే ఉంది. ఎకనామిక్స్ అయితే ఇద్దరికీ సరిపోతుందని నాకనిపిస్తోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

వాల్తేరు:
అమ్మాయికి ఏం కావాలో తనకి తెలుసు కదండీ, అరబిక్ తీసుకోనివ్వండి. ఒక ప్రాంతం గురించి చదువుతూ అక్కడివాళ్లు రాసుకున్నది ఒక్క ముక్క కూడా చదవలేకపోతే అదేం చదువు? ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో అరబిక్ ఒకటి. ఎకనామిక్స్ పుస్తకం ముప్పై ఏళ్లొచ్చాక కూడా తెరిచి చదువుకోవచ్చు, కొత్త లిపి, కొత్త ఉచ్చారణ నాలుక్కి పట్టేది ఈ వయసులోనే.

నల్లకుంట:
వాల్తేరు గారూ, భాష విలువ నేను కాదనను, కానీ మైనర్‌తో ఎంత భాష వస్తుందో ఒకసారి లెక్క చూడండి. అమెరికా దౌత్యాధికారులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఉద్యోగానికి పనికొచ్చేలా స్పానిష్ నేర్చుకోవాలంటే 600 నుంచి 750 తరగతి గంటలు, మన తెలుగుకీ హిందీకీ రష్యన్‌కీ అయితే 1100, అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్‌లకి 2200 పడతాయి. మైనర్ అంటే సాధారణంగా ఆరు కోర్సులు, 18 క్రెడిట్లు. ఒక్కో కోర్సుకి సెమిస్టర్ మొత్తం మీద 45 గంటలు అనుకుంటే 270 గంటలు, అంటే ఎనిమిదో వంతు. రెజ్యూమెలో అరబిక్ మైనర్ అని ఉంటుంది, ఇంటర్వ్యూలో ఎదుటివాడు అరబిక్‌లో రెండో ప్రశ్న వేసేసరికి మాట ఆగిపోతుంది.

ఎకనామిక్స్ అలా కాదు. 2025లో ట్రంప్ సుంకాల ప్రకటన రాగానే భీమవరం చుట్టుపక్కల ఎగుమతిదారులు రొయ్యల కొనుగోలు ధర తగ్గించేశారు, ఆగస్టుకి భారత సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది. అది కట్టేది అమెరికాలో దిగుమతిదారు, మరి ఇక్కడ చెరువు గట్టు మీద రైతుకి ఎందుకు తగ్గాలి? కొనేవాడికి ఈక్వడార్ రొయ్య దొరుకుతుంది, రైతుకి పట్టుబడికొచ్చిన సరుకు ఆపుకునే వీల్లేదు, అందుకని భారం వెనక్కి దొర్లుకుంటూ వచ్చి అతని మీద పడింది. సుంకం ఎవరు కడతారు, ఎవరు మోస్తారు అనే తేడా మొదటి ఏడాది మైక్రో ఎకనామిక్స్‌లోనే చెప్తారు. అది రాకుండా అంతర్జాతీయ వాణిజ్యం మీద ఎన్ని వ్యాసాలు రాసినా పైపైన రాసినట్టే ఉంటుంది. దానికి స్టాటిస్టిక్స్ కోర్సులు ఒకటి రెండు కలిస్తే ప్రపంచ బ్యాంకు డేటా తీసి సొంతంగా ఒక గ్రాఫ్ గీసి వాదించగలుగుతుంది.

ఇక అమ్మ గారూ, వీసా సంగతి చాలా ముఖ్యం, మీవారికి తప్పక చెప్పండి. చదువయ్యాక ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకి ఓపీటీ, అంటే చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు, స్టెమ్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు పొడిగింపు వస్తుంది. ఆ పొడిగింపు మేజర్‌ని బట్టే, మైనర్‌ని బట్టి రాదు. డేటా సైన్స్ మైనర్ చేసినా ఆ 24 నెలలు రావు. వీసా కోసమే అయితే అది రెండో మేజర్‌గానే చేయాలి. ఎకనామిక్స్‌లో కూడా ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అనే ప్రభుత్వ వర్గీకరణ కోడ్ కింద ఉన్న డిగ్రీ స్టెమ్‌లోకి వస్తుంది, మామూలు ఎకనామిక్స్ కోడ్ రాదు. మీ యూనివర్సిటీ ఏ కోడ్ వాడుతోందో అడగండి. తనకి 21 నిండితే హెచ్4 ఉండదు, ఆలోపే ఎఫ్1కి మారాలి, ఇది మైనర్ కంటే ముందు చూసుకోవాల్సిన పని.

వాల్తేరు:
గంటల లెక్క బాగుంది, కానీ భాష నేర్చుకునేది తరగతి గదిలోనే అన్నట్టు మాట్లాడుతున్నారు. పూర్తిగా ఆ భాషలోనే గడిపే వేసవి ఇమ్మర్షన్ ప్రోగ్రాములున్నాయి, ఒక సెమిస్టర్ జోర్డాన్‌లో చదవొచ్చు. మైనర్ దానికి పునాది వేస్తుంది, అంతే. సుంకం ఎవరు మోస్తారో చెప్పగలిగే ఎకనామిక్స్ విద్యార్థులు ప్రతి క్యాంపస్‌లోనూ వందల్లో ఉన్నారు, వాళ్లలో ఈ అమ్మాయి ఎక్కడ కనిపిస్తుంది?

మీరు రొయ్యల సంగతి చెప్పారు కాబట్టి నేను గల్ఫ్ సంగతి చెప్తాను. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి వెళ్లినవాళ్ల కాంట్రాక్టు కాగితం చూశారా? ఒక పక్క అరబిక్, ఒక పక్క ఇంగ్లీషు ఉంటాయి. రెండింటికీ తేడా వస్తే అక్కడి కోర్టులు పట్టించుకునేది అరబిక్ పక్కనే. ఓవర్‌టైమ్ గురించీ తిరుగు టికెట్ గురించీ ఇంగ్లీషులో ఒకటి ఉండి అరబిక్‌లో ఇంకోటి ఉంటే, ఆ మనిషికి చదివి చెప్పేవాళ్లు లేక ఏళ్ల తరబడి నష్టపోతాడు. తెలుగూ అరబిక్కూ రెండూ వచ్చి, చట్టం కూడా కొంచెం తెలిసిన అమ్మాయి వలస కార్మికుల కోసం చేయగలిగిన పని ఏ గ్రాఫూ చేయలేదు. ఈ మాట నేను ఆవేశంలో అనట్లేదు, మా వాళ్లలోనే ఇలా ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

ఒకటి మాత్రం చూసుకోవాలి. ఆ డిపార్ట్‌మెంట్‌లో పత్రికల్లో, వార్తల్లో వాడే ప్రామాణిక అరబిక్ ఒక్కటే చెప్తున్నారా, మాట్లాడే యాస కూడా చెప్తున్నారా అని. మొదటిదొక్కటే వస్తే పత్రిక చదవగలదు గానీ జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో కూరగాయల కొట్టువాడు చెప్పేది సగం అర్థం కాదు.

కన్సాస్ సిటీ:
నేను బ్యాంకులో ఆంక్షల స్క్రీనింగ్ పని చేస్తాను. మా టీమ్‌లో ఇంటర్నేషనల్ స్టడీస్ చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్తున్నా. రోజూ డబ్బు పంపే లావాదేవీల్లో పేర్లు అమెరికా ఖజానా శాఖ ఆంక్షల జాబితాతో పోలి అలర్ట్‌లు వస్తాయి. చాలావరకు ఉత్తవే. ఒకే అరబ్బు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా రాస్తారు, తండ్రి పేరు, తాత పేరు ఎక్కడ మొదలవుతాయో తెలియక కొత్తవాళ్లు అరగంట తంటాలు పడతారు, మా టీమ్‌లో అరబిక్ లిపి చదవగలిగిన ఒకమ్మాయి పాస్‌పోర్ట్ కాపీ చూసి రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది. అలా అని తనని తీసుకుంది అరబిక్ చూసి కాదు. ఇంటర్వ్యూలో అడిగింది ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష). అరబిక్ వల్ల తర్వాత టీమ్‌లో పేరొచ్చింది.

ప్రభుత్వ ఉద్యోగాల మీద ఆశ పెట్టుకుంటే ఆలోచించండి. ఫారిన్ సర్వీస్‌కి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. అదీగాక 2025లో విదేశాలకు సాయం అందించే అమెరికా సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది, జూలైలో విదేశాంగ శాఖ 1300 మందికి పైగా తీసేసింది. అనుభవం ఉన్నవాళ్లే ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగాలకి పోటీ వస్తున్నారు.

నల్లకుంట:
వాల్తేరు గారు చెప్పిన కాంట్రాక్టు కాగితం చదవాలంటే 270 గంటల అరబిక్ చాలదండీ, అది న్యాయ భాష. అంత దూరం వెళ్లే పట్టుదల ఉంటే మైనర్ ఉన్నా లేకపోయినా వెళ్తుంది. అమ్మ గారూ, తన డిగ్రీ ప్లాన్ తీసి చూడండి, చాలా చోట్ల ఇంటర్నేషనల్ స్టడీస్ మేజర్‌లోనే నాలుగు సెమిస్టర్ల విదేశీ భాష తప్పనిసరి. అలా ఉంటే అరబిక్ అక్కడే పెట్టి మైనర్ ఎకనామిక్స్ తీసుకోవచ్చు. మేజర్‌కీ మైనర్‌కీ ఒకే కోర్సుని లెక్కేయడానికి ఎన్ని క్రెడిట్ల వరకు ఒప్పుకుంటారో కూడా అడగండి, ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రూలు.

ప్లేనో అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. డిగ్రీ ప్లాన్ చూశాం, నిజంగానే నాలుగు సెమిస్టర్ల భాష ఉంది, హైస్కూల్ స్పానిష్‌తో రెండు సెమిస్టర్లు అయిపోయాయి. ఇప్పుడు అరబిక్ మొదలుపెడితే అవి దీనికి లెక్కలోకి రావట, మళ్లీ ఒకటో సెమిస్టర్ నుంచే. స్టెమ్ పొడిగింపు మైనర్‌కి రాదని తెలిశాక మా ఆయన డేటా సైన్స్ మాట వదిలేసి రెండో మేజర్ గురించి అడగడం మొదలుపెట్టారు. అమ్మాయి మాత్రం వాల్తేరు గారి గల్ఫ్ కాంట్రాక్టుల మాట చదివి స్పానిష్ ఇక్కడితో ఆపేస్తానంటోంది.

వాల్తేరు:
రెండు సెమిస్టర్లు పోయినా ఫరవాలేదు, మొదలుపెట్టమనండి.

నల్లకుంట:
ఫరవాలేదు అనకండి, సెమిస్టర్ ఫీజు ఎంతో తెలుసు కదా. స్పానిష్‌కి కావాల్సింది 2200 గంటలు కాదు, 750. టెక్సస్‌లో ఉంటూ వచ్చిన స్పానిష్ వదులుకోవడం నాకు అస్సలు మింగుడు పడట్లేదు. ముందు అడ్వైజర్‌ని కలిసి రెండు ప్లాన్లూ సెమిస్టర్ల వారీగా రాయించుకోండి, 21వ పుట్టినరోజు ఏ సెమిస్టర్‌లో పడుతుందో కూడా ఆ కాగితం మీద రాసి పెట్టుకోండి.