అండర్-17 ఫుట్‌బాల్ కోచ్‌ని కప్పులతో కొలవాలా, కుర్రాళ్లతోనా?

గోల్‌పోస్ట్ వెనకాల:
2023 జూన్‌లో థాయ్‌లాండ్‌లో జరిగిన అండర్-17 ఆసియా కప్‌లో మనవాళ్లు జపాన్ చేతిలో 4-8తో చిత్తుగా ఓడి గ్రూప్ దశలోనే ఇంటికొచ్చేశారు. కోచ్ బిబియానో ఫెర్నాండెజ్. గోవా క్లబ్బుల్లో ఆడి, తర్వాత పిల్లల జట్లకు కోచ్ అయినాయన. ఎనిమిది గోల్స్ తిన్నాక కూడా కుర్రాళ్లను బాగా తయారుచేశాడని ఆయన్ని పొగుడుతున్నారేంటి? దక్షిణాసియా దేశాల శాఫ్ కప్పులు గెలిచాడంటారా? 2017, 2019, 2022... మూడు ఫైనల్స్‌లోనూ ఎదురుగా నేపాలే!

సికింద్రాబాద్ లెఫ్ట్ వింగ్:
అన్నా, ఆ 4-8లో ఎనిమిదే చూశారు, నాలుగు చూడలేదు. జపాన్ ఆ టోర్నీ ఛాంపియన్. వాళ్ల మీద నాలుగు కొట్టారు మన పిల్లలు.

ఇదే కోచ్ 2018లో మలేసియాలో ఆసియా టోర్నీకి తీసుకెళ్లిన అండర్-16 జట్టు సంగతి చూడండి. వియత్నాం మీద 1-0. ఇరాన్‌తో 0-0, అందులో గోల్‌కీపర్ నీరజ్ పెనాల్టీ ఆపాడు. ఇండోనేషియాతో 0-0. 2002 తర్వాత మళ్లీ క్వార్టర్ ఫైనల్, అక్కడ దక్షిణ కొరియా చేతిలో 0-1. అది గెలిచుంటే బ్రెజిల్‌లో వరల్డ్ కప్ ఆడేవాళ్లం. మొత్తం టోర్నీలో తిన్నది ఒక్క గోల్. కానీ కొట్టిందీ ఒక్కటే, అదీ పెనాల్టీ!

ఫలితం చూస్తే 2018 బ్యాచే గొప్ప. నాకు మాత్రం 2023 జట్టు ఆటే నచ్చింది. పదహారేళ్ల కుర్రాడికి బంతి పట్టుకుని ముందుకెళ్లే ధైర్యం రావాలి. గోల్ ముందు పదిమంది గోడ కట్టడం తర్వాతైనా నేర్చుకోవచ్చు.

మైదానం మూల:
అప్పట్లో భారత జట్టు కోచ్ రహీం సాబ్ పెద్ద ప్లేయరేం కాదు, బడి పంతులు. మన హైదరాబాద్ మనిషే 1962 ఏషియాడ్ స్వర్ణం తెచ్చాడు. ఆడినవాడే కోచ్ కావాలన్న రూల్ ఎక్కడుంది?

సికింద్రాబాద్ లెఫ్ట్ వింగ్:
రూల్ ఉందని ఎవరన్నారు మాస్టారూ! అది వేరే గొడవ, దానికి ఇంకో చర్చ పెట్టుకుందాం.

గోల్‌పోస్ట్ వెనకాల:
ధైర్యం సరే బ్రదర్. డిఫెన్స్ ఇప్పుడు నేర్పకపోతే సీనియర్ జట్టులో ఎవరు నేర్పుతారు? అక్కడ టైమ్ ఎవరికుంది? 2018లోనే కొరియాను ఓడించి వరల్డ్ కప్‌కి వెళ్లుంటే ఆ పిల్లలకు వచ్చే అనుభవం ఎంత!

సికింద్రాబాద్ లెఫ్ట్ వింగ్:
వెళ్తే మంచిదే, కాదనను. 2017లో మన దేశంలోనే జరిగిన అండర్-17 వరల్డ్ కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. అమెరికా మీద 0-3, కొలంబియా మీద 1-2, ఘనా మీద 0-4. ఆ ఒక్క గోల్ కొట్టిన జీక్సన్ సింగ్, అదే జట్టులోని సురేశ్ వాంగ్జమ్, అన్వర్ అలీ తర్వాత సీనియర్ జట్టుకు ఆడారు. స్కోర్లు చూసుకుని ఆ బ్యాచ్‌ని పక్కన పడేసి ఉంటే?

బిబియానో విషయంలోనూ అదే. 2018 జట్టులోని విక్రమ్ ప్రతాప్ ముంబయి సిటీ క్లబ్‌కి వెళ్లి, 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన సీనియర్ ఆసియా కప్ జట్టులో ఉన్నాడు. 2023 కెప్టెన్ కోరౌ సింగ్ కేరళ బ్లాస్టర్స్ క్లబ్‌కు ఆడాడు.

గోల్‌పోస్ట్ వెనకాల:
ఇద్దరు పేర్లు చెప్పారు. రెండు బ్యాచ్‌ల్లో మిగతావాళ్ల సంగతేంటి? ఆ లెక్క కూడా వేద్దాం, రండి.