చిల్డ్ వాటర్ లూప్‌లో నైట్రైట్ నిలవట్లేదు, వెండరేమో ఇంకో రెండు డ్రమ్ములు పొయ్యమంటున్నాడు

ప్లాంట్‌రూమ్78:
గచ్చిబౌలిలో ఒక ఐటీ బిల్డింగ్ ఫెసిలిటీలో చేస్తున్నా. ఏసీ కోసం చల్లనీళ్లు తిరిగే లూప్ డ్రాయింగ్ ప్రకారం 50 కిలోలీటర్లు. పైపులు తుప్పు పట్టకుండా వేసే నైట్రైట్ వానాకాలం ముందు 900 పీపీఎం ఉండేది, ఇప్పుడు 250. నీళ్లలో ఎంత లవణం కరిగుందో చెప్పే కండక్టివిటీ మాత్రం దాదాపు కదల్లేదు. స్ట్రెయినర్ విప్పితే జిగురుజిగురుగా బురద, ఒకటే కంపు. వెండర్ వచ్చి లీకేజీ సార్, ఇంకో రెండు డ్రమ్ముల నైట్రైట్ పోద్దాం అంటున్నాడు. నీళ్లు తగ్గితే నింపే మేకప్ లైన్‌కి మీటర్ లేదు. పొయ్యమంటారా?

నీళ్లడాక్టర్:
ఆగండి బ్రో, పొయ్యకండి. లీకై కొత్త నీళ్లు కలుస్తుంటే నైట్రైట్‌తో పాటు కండక్టివిటీ కూడా పడిపోవాలి కదా, అది అలాగే ఉండి నైట్రైట్ ఒక్కటే మాయమైందంటే బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేసేస్తోందని అర్థం, ఇంకో రెండు డ్రమ్ములు పోస్తే వాటికి భోజనం పెట్టినట్టే. నైట్రేట్, అమ్మోనియా, బ్యాక్టీరియా కౌంట్ ల్యాబ్‌కి పంపండి. అక్వేరియం షాపు నైట్రేట్ స్ట్రిప్పులు వద్దు, నైట్రైట్ ఉన్న నీళ్లలో అవి తప్పు చూపిస్తాయి. అమ్మోనియా వస్తే మాత్రం తొందరపడాలి, చిల్లర్ కాపర్ ట్యూబులకి అది మంచిది కాదు.

బాయిలర్‌బాబాయ్:
డాక్టర్ గారు చెప్పింది కరెక్టే, కానీ మేకప్ బోరు నీళ్లయితే వాటి టీడీఎస్సే (కరిగిన లవణాలు) ఎక్కువ ఉంటుంది కాబట్టి కండక్టివిటీ ఒక్కటే నమ్ముకోవద్దు. లూప్‌లో హార్డ్‌నెస్ పెరిగిందేమో చూడు తమ్ముడూ, పెరగకపోతే బోరు నీళ్లు పెద్దగా పోలేదన్నట్టే. రాత్రి మేకప్ వాల్వ్ మూసేసి పొద్దున ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ లెవెల్ చూసినా తెలిసిపోతుంది. మీటరైతే ఎలాగూ పెట్టించు, అది లేకుండా క్లోజ్డ్ లూప్ నడపడం ఏంటో నాకర్థం కాదు.

ప్లాంట్‌రూమ్78:
రిపోర్ట్ వచ్చింది. నైట్రేట్ 800 దాకా ఉంది, అమ్మోనియా కొంచెమే, హార్డ్‌నెస్ మారలేదు, ట్యాంక్ లెవెల్ కూడా తగ్గలేదు. ఇది చూపిస్తే వెండర్ సరే బ్లీచింగ్ వేద్దాం అంటున్నాడు 😐

నీళ్లడాక్టర్:
అమ్మో బ్లీచింగా! క్లోరిన్ నైట్రైట్‌ని తినేస్తుంది, అదీ పోతుంది ఇదీ పోతుంది. నాన్ ఆక్సిడైజింగ్ బయోసైడ్ కావాలి, అంటే క్లోరిన్‌లా ఆక్సిడైజ్ చెయ్యకుండా బ్యాక్టీరియాని చంపే మందు, గ్లూటరాల్డిహైడ్ గానీ ఐసోథయాజొలోన్ గానీ. అమ్మోనియా ఉంటే గ్లూటరాల్డిహైడ్ దానికే ఖర్చయిపోతుంది కాబట్టి ముందు కొంత నీళ్లు డ్రెయిన్ చేసి మంచి సాఫ్ట్ నీళ్లు నింపండి. డోస్ వేసేటప్పుడు ఫ్లోర్లకి చల్లగాలి పంపే ఏహెచ్‌యూ, ఎఫ్‌సీయూ యూనిట్ల వాల్వులన్నీ పూర్తిగా తెరిపించండి, మూసున్న బ్రాంచిలో మందు వెళ్లకపోతే మళ్లీ అక్కణ్ణుంచే మొదలవుతుంది. తర్వాత ఊడిన జిగురంతా స్ట్రెయినర్లకొస్తుంది, టెక్నీషియన్లని పెట్టి కడిగిస్తూ ఉండాలి, సైడ్ స్ట్రీమ్‌లో బ్యాగ్ ఫిల్టర్ ఉంటే ఇంకా నయం. కౌంట్ తగ్గిందని ల్యాబ్ చెప్పాకే నైట్రైట్.

బాయిలర్‌బాబాయ్:
ఇంకొకటి, మందు వేశాక డ్రెయిన్ చేసే నీళ్లు బయోసైడ్‌తో సహా ఎస్టీపీకి (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకి) ఒక్కసారే వదిలితే అక్కడి బ్యాక్టీరియా చచ్చి ఆ ఆపరేటర్ నీ మీదకొస్తాడు, ముందే చెప్పి కొంచెంకొంచెంగా వదులు. డ్రాయింగ్‌లో వాల్యూమ్ కూడా నమ్మకు. చివర్లో నైట్రైట్ వేసేటప్పుడు లెక్క చూసుకో, 15 కిలోల సోడియం నైట్రైట్‌లో నైట్రైట్ 10 కిలోలు, 50 కిలోలీటర్లయితే 200 పీపీఎం పెరగాలి. 150 మాత్రమే పెరిగితే లూప్ 67 కిలోలీటర్ల దగ్గరుందన్నమాట, అలాగైతే ముందు వేసిన బయోసైడ్ డోస్ కూడా తక్కువే అయ్యుంటుంది.

ప్లాంట్‌రూమ్78:
థాంక్యూ బాబాయ్, డాక్టర్ గారూ. డ్రమ్ముల పర్చేజ్ ఆర్డర్ హోల్డ్‌లో పెట్టించా, బయోసైడ్‌కి వేరే వాళ్ల దగ్గర కూడా కొటేషన్ అడుగుతున్నా.